ముందు పాత జిగురు

రిపేరు బల్ల మీద తల వాల్చి ధనరాజు నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

శృంగవరపుకోటలో ఆ రోజు సంత. బయట పనస కాయల బేరాలు, పసుపు బస్తాలు, దారివ్వని లారీల హారన్లు. అంత గోలలోనూ కునుకు తీసే మనుషులు ఉంటారు. కానీ ధనరాజు పని బల్లని పూజ పీటలా చూసుకునే రకం, దాని మీద మోచెయ్యి కూడా ఆనించడు. గౌరి రెండుసార్లు "బావా" అని పిలిచింది. పలకలేదు. దగ్గరికెళ్లి మెడ మీద వేళ్లు పెట్టి చూసింది. చల్లగా తగిలింది.

బల్ల మీద రెండు టీ గ్లాసులున్నాయి. ఒకటి ఖాళీ, రెండోది సగం. ధనరాజు కుడి చేతి వేళ్ల మధ్య వెదురు పుల్ల అలాగే ఉంది. దాని ముందు పాతకాలపు ట్రాన్సిస్టర్ రేడియో బోర్డు ఒకటి. కండెన్సర్లు కదలకుండా ఫ్యాక్టరీ వాళ్లు ఆ రోజుల్లో ఒక జిగురు పోసేవారు. అప్పుడది తేనె రంగులో ఉండేది, ఏళ్లు గడిచాక గోధుమరంగుకి తిరిగి, బెల్లం పాకంలా గడ్డకట్టి, కింద రాగిని పచ్చగా తినేస్తుంది. ఆ బోర్డుకి ఒక వైపు ఆ జిగురు పూర్తిగా లేచిపోయి రాగి మెరుస్తోంది. రెండో వైపు గోధుమరంగు ముద్ద ముట్టుకోకుండా అలాగే ఉంది. దాని మీద మాత్రం కందిగింజంత ఎర్రటి మరక.

సంతకొచ్చే జనానికి ధనరాజు పాత రేడియోలు బాగుచేసే మెకానిక్. గౌరి అతని మేనమామ కూతురు, కొట్లో సాయం చేసే మనిషి. ఢిల్లీలో తాళం వేసి ఉన్న ఒక ఫైల్లో మాత్రం అతని పేరు 'లాంతరు', ఆమె పేరు 'పరిగె'. ఇద్దరూ ఫీల్డ్ ఏజెంట్లే. ఆమెని ఈ పనిలోకి తెచ్చింది అతనే, పుల్ల పట్టడం నేర్పిందీ అతనే.

"గీకీకు. నానబెట్టు. అదే లేస్తాది," అనేవాడు రోజూ, విని విని ఆమె విసుక్కునేదాకా.

గౌరి ఏడవలేదు. ఏడుపు డ్యూటీ దిగాక. బోర్డుని టిఫిన్ క్యారేజీలో పెట్టి మూత బిగించింది. శవాన్ని తమ నిఘా విభాగం వాళ్లకి అప్పగించి విజయనగరం బస్సెక్కింది. దారి పొడుగునా ఆ క్యారేజీని ఒళ్లోంచి దించలేదు.

*

మర్నాడు తెల్లవారుతుండగా ఆమెని పిలిచారు. విజయనగరంలో సంగీత కళాశాలకి పోయే దారిలో వీణలు, వయొలిన్లు అమ్మే చిన్న కొట్టు ఉంది. అప్పుడే తలుపు తీసి, విభూతి పెట్టుకుని, ఒక పొడుగాటి మనిషి వీణ కాయ తుడుస్తున్నాడు.

"సారణి తీగ కావాలి," అంది గౌరి.

"తెగనిది దొరకదమ్మా."

"తెగినా ఫర్వాలేదు. పలికితే చాలు."

కోడ్ సరిపోయింది. ఆయన వీణల వెనక స్టీల్ తలుపు తెరిచాడు. ఈ తీరం మొత్తానికీ విభాగం అధిపతి చంద్రశేఖరం గారంటే ఆయనే. లోపల భూతద్దం కింద ధనరాజు బోర్డు ఉంది. దానికి మిగిలిన ముద్దని ల్యాబ్ వాళ్లు విప్పేశారు.

"ఈ ముద్ద పాతది కాదు. కొత్త జిగురుకి రంగు కలిపి పాతదానిలా పూశారు. దీని కింద చిప్, గుండీ బ్యాటరీ, చిటికెడు పేలుడు మందు. ఇది వాళ్ల శాంపిల్ పీస్, ఎలాగో లాంతరు చేతికి చిక్కింది. నిజం సరుకు ఇంకో సెట్‌లో ఉంది."

"వాళ్లంటే?"

"సముద్రం అవతల నుంచి నడిచే ముఠా. ఫైల్లో వాళ్ల పేరు ఉప్పెన."

"ట్రిగర్?"

"రేడియో స్విచ్. నాబ్ తిప్పగానే చిప్‌కున్న ఈ కాలికి కరెంటు వస్తుంది, పేలుతుంది." ఆయన పెన్నుతో ఆ కాలిని చూపించాడు. "లాంతరు ఒక వైపు శుభ్రం చేశాడు. రెండో వైపుకి వచ్చేసరికి టీలో కలిపిన విషం పనిచేసినట్టుంది. పాపం, పని సగంలో ఆగిపోయింది."

గౌరి భూతద్దంలోకి తొంగి చూసింది. బావ పనిని సగంలో ఆపడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చావు ముందు ఎవరి పనైనా ఆగుతుందిలే అని సరిపెట్టుకుంది.

"నిజం సరుకు ఎక్కడుంది?"

చంద్రశేఖరం గారు వీణ తుడిచే గుడ్డని మడతలు పెట్టాడు.

"విశ్వనాథ్ గారని మన సైంటిస్టు. నీటి అడుగున జలాంతర్గామి చప్పుడు పట్టే పరికరం తయారుచేశాడు. సీక్రెట్ ట్రయల్. ఎవరికీ అనుమానం రాకుండా చేపల పడవలో చేస్తున్నాడు. ఆయనకి వాళ్ల నాన్నగారి పాత రేడియో అంటే ప్రాణం, ఎక్కడికెళ్లినా చంకలోనే. మొన్న దాన్ని రిపేరుకిచ్చి, నిన్న తెచ్చుకున్నాడు. ఈ వేకువన దానితో సహా సముద్రం మీదికి వెళ్లాడు."

"ఎవరి పడవ?"

"బొంతలపేట గంగులు పడవ."

గౌరి బల్ల అంచు పట్టుకుంది. గంగులు ఆమె కన్నతండ్రి. కూతురు రేడియో కొట్లో పనిచేస్తోందని ఊరంతా చెప్పుకుని మురిసిపోయే మనిషి.

"ఫోన్?"

"ట్రయల్ ముగిసేదాకా పడవలో ఫోన్ ఉండకూడదని నేనే ఆర్డరు వేశాను," అన్నాడాయన నేల చూస్తూ. "కోస్ట్‌గార్డ్ బోటు విశాఖ నుంచి రావాలి. అంతసేపు టైం లేదు."

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, తరవాత మనిషి వచ్చింది. విశాలి. విజయనగరం కోట దగ్గర పాత రేడియోల గ్యాలరీ ఆమెదే. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, చిలక ముక్కంత ఎర్రటి గోళ్లు. ఉప్పెన ముఠా ఆమెని తమ మనిషి అనుకుంటోంది, ఆమె మాత్రం విభాగానికి కబుర్లు మోస్తోంది. చంద్రశేఖరం గారు నమ్మిన లెక్క అది.

"మా గ్యాలరీకి రిపేరుకొచ్చిన రేడియోలో వాళ్లు చెయ్యి పెట్టారని నాకు తెల్లవారుజామునే తెలిసింది సార్. తెలిసిన వెంటనే మీకు ఫోన్ చేశాను," అంది విశాలి. "ధనరాజు గారి విషయం విన్నాను. చాలా మంచి మనిషి."

గౌరి ఆమె గోళ్లని చూసింది. తొమ్మిది ఒకలా ఉన్నాయి. కుడి బొటనవేలి గోరు రంగు మాత్రం కాస్త దళసరిగా, కొత్తగా ఉంది. జిగురు నానబెట్టడానికి వాడే ఎసిటోన్ తడి మీద గోరు ఆనిస్తే దాని రంగు కరిగి అంటుకుంటుంది. బోర్డు మీద కందిగింజంత మరక అంటుకున్నట్టు.

అక్కడికక్కడే ఆమె గొంతు పట్టుకోవాలనిపించింది గౌరికి. కానీ మరక సాక్ష్యం కాదు, అయ్య సముద్రం మీద ఉన్నాడు.

"మీరు కూడా రండి," అంది మర్యాదగా. "ముఠా సరుకు మీకే బాగా తెలుసు కదా."

విశాలి ఒక్క క్షణం ఆగింది. చంద్రశేఖరం గారు ఆమె వైపే చూస్తున్నాడు. "తప్పకుండా," అంది నవ్వి.

*

బొంతలపేట రేవులో గాలి బొత్తిగా లేదు. ఆకాశం సీసం రంగులో ఉంది. వేట నిషేధం ముగిశాక అదే మొదటి వేట, ఒడ్డున ఆడవాళ్లు గంగమ్మకి పసుపు నీళ్లు వదిలి వెళ్లిన గుర్తులు ఇసకలో ఉన్నాయి. అసిరయ్య అనే పక్కింటి మనిషి ఇంజన్ పడవ ఒక్కటే ఒడ్డున మిగిలింది.

"అసిరి మావా, మా అయ్య పడవ దగ్గరికి తీసుకుపో. ఏటీ అడగకు," అంది గౌరి.

"అడగనే. మరి ఆ అమ్మగారు ఎవులు?"

"ఏటీ అడగకన్నాను కదా."

పడవ కదిలింది. గౌరి సంచిలో ఉన్నవి మూడే వస్తువులు. కుంకుమ భరిణె, మూత తీస్తే అది కరెంటు కొలిచే ముల్లు మీటరు. చెక్క దువ్వెన, దాని పళ్లన్నీ సన్నగా చెక్కిన వెదురు పుల్లలు. కొబ్బరినూనె సీసా, నిండా ఎసిటోన్. ఆ సంచి తన దగ్గర ఉంటే తడవదని విశాలి ఒళ్లో పెట్టుకుంది. అలల్ని దాటుతుండగా పడవ ఎగిరి పడింది, విశాలి కెవ్వుమంది, సంచి ఒరిగింది. భరిణె, దువ్వెన పడవలోనే పడ్డాయి. సీసా ఒక్కటే నీళ్లలోకి పోయింది.

"అయ్యో సారీ," అంది విశాలి. గౌరి ఆమె ముఖంలోకి చూసి, తల తిప్పుకుంది. నోరు తెరిస్తే తిట్టే వచ్చేది.

విశాలి మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటోంది. పేలుడు ఇంకా వినపడలేదేమా అని ఆమె ఎదురుచూస్తోందని గౌరికి తెలుసు. అది ఎందుకు వినపడలేదో మాత్రం విశాలికి తెలియదు. వార్తల టైం కాగానే విశ్వనాథ్ నాబ్ తిప్పుతాడని ముఠా లెక్క. కానీ ఈ రేవు వాళ్లు మొదటి వేటలో మొదటి చేప పడి, దాన్ని గంగమ్మకి తిరిగి వదిలేదాకా పడవలో పాట పాడరు, ఈల వేయరు. రేడియో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంత సైంటిస్టయినా గంగులు పడవలో గంగులు మాటే చెల్లుతుంది.

దూరంగా పడవ కనబడింది. గంగులు వంగి వల లాగుతున్నాడు. వలలో ఏదో తెల్లగా తళుక్కుమంది. మొదటి చేప. విశ్వనాథ్ అప్పుడే తోలు సంచిలోంచి రేడియో తీసి ఒళ్లో పెట్టుకుంటున్నాడు.

అరిచినా ఇంజన్ మోతలో వినపడదు. గౌరి లేచి నిలబడింది. పడవలో ఉన్న తెడ్డు తీసి, తన చున్నీ దాని కొసకి కట్టి, నిలువుగా ఎత్తి పట్టుకుంది.

అసిరయ్య అది చూసి తలపాగా తీసేశాడు. "ఎవులే అమ్మీ?" అన్నాడు మెల్లగా.

అవతల గంగులు తలెత్తాడు. గుడ్డ కట్టిన తెడ్డు నిలబెట్టారంటే ఒడ్డున ఇంటి మనిషి పోయాడని అర్థం. అది చూశాక ఏ పడవలోనూ పని నడవదు, పలుకు వినపడదు. చేపని వలలోనే వదిలేసి గంగులు వెనక్కి తిరిగాడు. విశ్వనాథ్ వేళ్లు నాబ్ మీద ఉన్నాయి. గంగులు ఆ చేతిని గట్టిగా పట్టుకుని పక్కకి తీసేశాడు.

*

"ఎవులే?" అన్నాడు గంగులు, పడవలు రెండూ ఆనగానే.

"ధనరాజు బావ."

ముసలాయనకి అక్క కొడుకు. భుజం మీద తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. గౌరి ఆయన చెయ్యి ఒక్కసారి నొక్కి వదిలేసి, విశ్వనాథ్ ఒళ్లోంచి రేడియోని రెండు చేతులతో ఎత్తి పీట మీద పెట్టింది. సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. విశ్వనాథ్ ముఖం పాలిపోయింది.

"మా నాన్న రేడియోలోనా?" అన్నాడు.

"నీళ్లలోకి గిరాటెయ్యే," అన్నాడు గంగులు.

"ఉప్పునీరు తగిల్తే అదే స్విచ్చయ్యా. మన పక్కనే పేల్తాది. కదపకు."

వెనక మూత విప్పింది. బోర్డు మీద రెండు చోట్ల గోధుమరంగు ముద్దలున్నాయి. ఒకటి ఫ్యాక్టరీ నాటిది, పెళుసుగా పగిలి, అంచున పచ్చగా చిలుము. రెండోది నున్నగా ఉంది. గౌరి మీటరు తీగని చిప్ కాలికి తగిలించి భరిణె మూత తెరిచింది. లోపల ఎర్ర గీత ఉంది, శాంపిల్ పీస్‌ని పరీక్షించి ల్యాబ్ వాళ్లు గీసింది. ముల్లు ఆ గీత చేరితే అంతే సంగతులు.

నున్నటి ముద్ద మీద దువ్వెన పుల్ల ఆనించింది. ఎసిటోన్ లేకుండా అది మెత్తబడదు. మెల్లగా అంచు లేపబోయింది. అప్పుడు భరిణెలో ముల్లు కదిలింది.

ఆమె చెయ్యి తీసేసింది. ముల్లు వెనక్కి పోలేదు. ఎవరూ ముట్టుకోకుండానే, చీమ నడిచినట్టు, గీత వైపు జరుగుతోంది.

"ఏమైంది? ఏమీ లేదు కదా?" అంది అసిరయ్య పడవలోంచి విశాలి. గొంతు తాపీగా ఉంది. "స్విచ్ వేయలేదుగా. మూసేయండి, ఒడ్డుకెళ్లి చూద్దాం. సార్ మా పడవలోకి వచ్చేస్తారు."

గౌరి బోర్డు మీదికి వంగింది. స్విచ్ వేయలేదు, నిజమే. మరి కరెంటు ఏ దారిన వస్తోంది? నాబ్ దగ్గర్నుంచి చిప్ కాలి దాకా చూపు పోనిచ్చింది. మధ్యలో పాత జిగురు. వేకువ నుంచి ఉప్పు గాలి తాగి తాగి, పగుళ్లలో తడి మెరుస్తోంది.

ఒక్కసారిగా ధనరాజు బల్ల కళ్ల ముందుకొచ్చింది. అతను శుభ్రం చేసిన వైపు ఉన్నది పాత జిగురు. వదిలేసినది కొత్త ముద్ద. బావ పని సగంలో ఆగలేదు. అతను చేయాల్సిన పని అంతవరకే. ముసలి జిగురు తడి తగిలితే తీగైపోతుందని అతనికి తెలుసు. ముందు పాతది తియ్యాలి, బాంబు జోలికి తరవాత పోవచ్చు. అతను గుట్టు పట్టేశాడని చూసే, ఆ టీ పోసిన మనిషి భయపడి విషం కలిపి ఉంటుంది.

"విశాలి గారూ," అంది గౌరి తలెత్తకుండా. "కొత్త ముద్ద పాతదానిలా కనబడాలని పక్కన అసలు పాతదాన్ని అలాగే ఉంచేశారు కదా?"

"నాకేం తెలుసు?"

"పాత జిగురు చెమ్మ పీల్చి కరెంటు మోస్తుంది. స్విచ్ అక్కర్లేదు. ఇంకాసేపట్లో అదే పేలుతుంది. మనందరం దీనికి రెండు మూరల దూరంలో ఉన్నాం."

మొదటిసారి విశాలి నల్ల కళ్లద్దాలు తీసింది. కళ్లు భరిణె మీదికి పోయాయి, అక్కడే నిలిచిపోయాయి. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది, పిస్టల్‌తో బయటికొచ్చింది.

"పడవ తిప్పు," అంది అసిరయ్యతో.

"ఈ రెండు పడవలూ తాడుతో కట్టుంచేనమ్మగారూ," అన్నాడు అసిరయ్య. "ఇప్పీసరికి పుణ్యకాలం అయిపోతాది."

"డిసేబుల్ చేసే దారి?" అంది గౌరి.

"లేదు." విశాలి పెదాలు తడుపుకుంది. "ఉండకూడదని నేనే చెప్పాను."

ఆ మాటతో ముసుగు పూర్తిగా జారిపోయింది. గంగులు ఆమెని, కూతుర్ని మార్చి మార్చి చూశాడు. ధనరాజుని పొట్టన పెట్టుకున్నది ఎవరో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వల కోసే కత్తి మీదికి ఆయన చెయ్యి వెళ్లడం గౌరి చూసింది.

"అయ్యా, ఇప్పుడు కాదు. నాకు దీపంలాగ వెలుతురు కావాల, నీ టార్చిలైటు ఇలగ పట్టు," అంది. తరవాత విశాలితో, "నా సీసా నీళ్లలో పారేశావు. నీ బొటనవేలి రంగు నిన్న చెడింది, మళ్లీ పూసుకున్నావు. పూసుకునే ముందు పాతది దేంతో తుడిచావో, అది ఇటు తీసుకురా. పిస్టల్ దించు, చేతులు రెండూ కావాలి నీకు."

విశాలి కదల్లేదు. ముల్లు కదిలింది. ఆ రెండింటిలో ముల్లే నెగ్గింది. ఆమె పిస్టల్‌ని పడవలో పడేసి, హ్యాండ్‌బ్యాగ్ బోర్లించి, గోళ్ల రంగు తుడిచే చిన్న గులాబి సీసా వెతికి అందించింది. మూత తీయగానే గుప్పుమంది. అందులో ఉన్నదీ ఎసిటోనే.

గౌరి తన కుర్తా అంచు చింపి పుల్ల కొసకి చుట్టింది. సీసాలో ముంచి పాత జిగురు మీద ఆనించింది. ఇక ఆగాలి. దీంట్లో అన్నిటికంటే కష్టమైన పని అదే. తొందరపడి గీకితే పుల్ల జారుతుంది, తడి లోపలికి నెట్టుకుపోతుంది, ముల్లు ఒక్క గెంతు గెంతుతుంది. ఆమె మణికట్టుని మోకాలికి ఆనించుకుంది. సముద్రం ఊపిరి బిగబట్టినట్టు నిశ్చలంగా ఉంది. విశ్వనాథ్ పెదాలు ఏదో శ్లోకం పలుకుతున్నాయి, చప్పుడు లేదు. ముల్లు గీతకి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

గీకీకు. నానబెట్టు.

జిగురు అంచు తెల్లబారింది. పుల్ల కొస కిందికి దూరింది. ఎత్తింది. గోధుమరంగు పెచ్చు ఒకటి, దాని అడుగున పచ్చటి చిలుముతో సహా, ఊడి ఆమె అరచేతిలో పడింది. కింద రాగి పొడిగా కనబడింది. భరిణెలో ముల్లు గీతని ముట్టుకున్నంత పని చేసి, ఆగి, మెల్లగా వెనక్కి నడిచి, సున్నా దగ్గర పడుకుంది.

అదే లేస్తాది.

తరవాతి పని తాపీగా జరిగింది. మిగిలిన పాత జిగురంతా తీసింది. నున్నటి ముద్దని నానబెట్టి విప్పింది. గుండీ బ్యాటరీ కాలిని దువ్వెన కొసతో లేపి వేరుచేసింది. అప్పుడు కూర్చుంది. ఇంక కళ్లలో నీళ్లు ఆగలేదు. గంగులు పక్కన కూలబడి కూతురి తల భుజానికి ఆనించుకున్నాడు.

"రేడియో కొట్లో పనంటే ఇదేటే?" అన్నాడు.

"ఇది కూడా ఉంటాదయ్యా."

"మరి ధనరాజుకీ ఇదేనా?"

"నాకు నేర్పింది బావే."

ముసలాయన తల ఊపాడు. వలలో మొదటి చేప ఇంకా కొట్టుకుంటోంది. దాన్ని విప్పి, ధనరాజు పేరు చెప్పి, నీళ్లలోకి వదిలాడు. అది అడుక్కి పోయేదాకా చూస్తూ నిలబడ్డాడు.

*

రేవులో చంద్రశేఖరం గారు, ఆయనతో వచ్చిన నలుగురు సఫారీ మనుషులు ఎదురుచూస్తున్నారు. ట్రయల్ రికార్డింగ్ ఉన్న పెట్టెని విశ్వనాథ్ భుజాన వేసుకుని దిగాడు. వాళ్ల నాన్నగారి రేడియోని మాత్రం గుండెలకి హత్తుకునే దిగాడు. విశాలి చేతులకి బేడీలు పడ్డాయి.

"ఇంత దగ్గర పెట్టుకుని నేనెలా కనుక్కోలేకపోయానమ్మా," అన్నాడు చంద్రశేఖరం గారు. ఆ ఒక్క రోజులో ఆయన పదేళ్లు పైబడ్డట్టు కనిపించాడు. గౌరి సంచి భుజాన వేసుకుని జీపు వైపు నడిచింది.

జీపు ఎక్కుతూ విశాలి ఆగింది. పడవలో సీసా అందిస్తున్నప్పుడు ఒలికినట్టుంది, ఆమె గోళ్ల రంగంతా కరిగి వేళ్ల నిండా ఎర్రగా పూసుకుపోయింది. ఆ చేతుల్ని ఆమె అసహ్యంగా చూసుకుంది.

"నా సీసా ఇవ్వండి. కనీసం ఇది తుడుచుకుంటాను."

గౌరి ఖాళీ సీసా బోర్లించి చూపించింది. ఒక్క చుక్క కూడా రాలలేదు.

"అయిపోయిందండీ. మీ ప్రాణం కాపాడడానికే సరిపోయింది."